తాయమ్మ తడి చీర

పోలీసు యాక్షన్ అయిన మరుసటి నెల, రెండో శుక్రవారం, పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ ఇది జరిగింది. దయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. చూసింది చూసినట్టే రాస్తాను.

మొన్న హయత్‌నగర్‌లో మా మనుమరాలి ఇంట్లోకి పై అంతస్తువాళ్ల నీళ్లు దిగాయి. బీమా వాళ్లు వచ్చి ఫోటోలు తీసుకుని సాక్షుల పేర్లు అడిగారు. మా కాలంలో ఇబ్రహీంపట్నంలో బీమా లేదు, ప్రమాణం ఉండేది. తడిబట్టలతో నిలబడి అబద్ధం చెప్పడానికి ఎంతటివాడికైనా భయమే.

మా మిద్దెలో కింద మేము, పైన బాపుకు వదినె వరుసయ్యే తాయమ్మ. ఒంటరి మనిషి. ఆమె గదికి సరిగ్గా కిందే మా విత్తనాల గుమ్మి. వానలు ఆగి పది రోజులైంది. అయినా కప్పు కారి, యాసంగి పంటకు విత్తనంగా దాచిన వడ్లన్నీ మొలకెత్తాయి. ఆ గడబిడ రోజుల్లో వేరే విత్తనం ఎక్కడా పుట్టదు. నారు పోయకపోతే ఆ ఏడు తిండి లేదు.

తగవులు తీర్చే సర్కారు కచేరీకి ఆ గడబిడలో తాళం పడింది. బాపు పెద్దమనిషి రాంరెడ్డిని పిలిచాడు. ఆయన పైకెక్కి చూసి వచ్చాడు.

"నేల ఎండి ఉన్నది మల్లయ్యా. కడవ బోర్లేసి ఉన్నది."

"గట్లయితే నీళ్లు యాడికెళ్లి వచ్చినయే వదినె?"

"నీ నోరే కారుతది గద మరిదీ, పొద్దుగూకేదాక," అంది తాయమ్మ.

రాంరెడ్డి తాయమ్మను తడిబట్టలతో ప్రమాణం చేయమన్నాడు. చేస్తే మాకేమీ రాదు. వెనక్కి తగ్గితే ఆమె తన విత్తనం మాకివ్వాలి.

బావి దగ్గర మూడు బిందెలు ఆమె నెత్తిన గుమ్మరించింది నేనే. చీర ఒంటికి అతుక్కుపోయింది. వాకిట్లోకి వచ్చి నిలబడి, "నేను చుక్క వొంపలే," అంది.

అప్పుడు చూశాను. బావి నుంచి వాకిలి దాకా ఆమె నడిచిన దారిలో తడి లేదు. కాళ్ల కింద మట్టి పొడిగా ఉంది. కొంగు పట్టి పిండాను. చెయ్యి తడిసింది కానీ కింద చుక్క పడలేదు.

లోపలి నుంచి అమ్మ కేకేసింది. "ఏమయ్యో, మల్ల కారుతున్నది!"

బాపు పోయి చూసి తిరిగొచ్చాడు. తాయమ్మ మా కళ్ల ముందే ఉంది, పైన ఎవరూ లేరు కాబట్టి ప్రమాణం చెల్లిందన్నాడు రాంరెడ్డి.

తాయమ్మ ఆ తడిబట్టలతోనే పైకెళ్లి, తన విత్తనంలో సగం తెచ్చి బాపు ముందు దించింది. "నేనైతే వొంపలే. జల్ది నారు పోసుకో."

పొద్దు వాలేసరికి ఆమె చీరా ఆరింది, మా కప్పూ ఆరింది. ఎట్లా అంటే ఈనాటికీ చెప్పలేను.

బీమా వాళ్లు అడిగినట్టే సాక్షుల పేర్లు రాస్తున్నాను. అడగడానికి ఇప్పుడు ఒక్కరే మిగిలారు. పెద్దమనిషి రాంరెడ్డి, మా బాపు మల్లయ్య, మా అమ్మ బాలమ్మ, తాయమ్మ, నేను లచ్చమ్మ.