పప్పు తడవకుండా ఏరు దాటినాయన

పోయిన సోమవారం పొద్దున మదనపల్లెలో హాస్టల్ గదికి తాళం వేస్తుంటే మా అమ్మ ఫోన్ చేసింది. ఆమె అప్పటికే పుంగనూరు టమోటా మండీలో ఉంది. వెనకాల క్రేట్లు దించే చప్పుడు, వేలం పాడేవాళ్ళ కేకలు. అంత గోలలోనూ గొంతు పెంచకుండానే చెప్పింది.

"పాపా, మిలిటరీ తాత పోయినాడు. నిద్దర్లోనేనంట. పొద్దు పొడిసినా పొయ్యి ముట్టిచ్చలేదేమని అవ్వ పోయి లేపిందంట..."

వేలం కేకలు వింటూ నిలబడ్డాను.

ఆయన మాకు చుట్టం కాదు. పక్కింటాయన. అవ్వ ఆయన భార్య. ఫౌజులో వంటవాడుగా పనిచేసి, పింఛనుతో ఊరికి తిరిగొచ్చిన మనిషి. మా వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. పెద్దవాళ్ళకు మిలిటరీ ఆయప్ప, మాకు మిలిటరీ తాత.

మా ఇంట్లో నాకంటే ముందు బడికి పోయినవాళ్ళు లేరు. అమ్మ చీకటితోనే మండీకి పోయేది. నేను జడ వేసుకుని, పుస్తకాల సంచి తగిలించుకుని మెట్లు దిగేసరికి తాత తన గడపలో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండేవాడు. ఒకరోజు ఉప్మా, ఒకరోజు మజ్జిగ పోసి కలిపిన సంగటి, పింఛను వచ్చిన వారంలో పూరీ. "ముందు తిను, తర్వాత సదువు" అనేవాడు. పదో తరగతి అయిపోయేదాకా నా పొద్దుటి తిండి ఆ గడప మీదే. అమ్మ మొహమాటపడి ఏదైనా అనబోతే ఆయన నవ్వేసేవాడు. "ఫౌజులో ఒక కంపెనీకి, నూరుమందికి వండినోన్నమ్మా నేను. పిడికెడంత పాప తింటే నాకు తెలుస్తాదా?"

ఆయన వంట చేస్తుంటే చూడటం నాకు ఇష్టం. గరిటెను నోటికి తగలనిచ్చేవాడు కాదు. చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూసేవాడు. ఉల్లిగడ్డలు తరుగుతూ నాకు హిందీ పాఠం చెప్పేవాడు. అది పుస్తకంలో హిందీ కాదు, ఫౌజు హిందీ. పరీక్షలో ఒకసారి ఆ మాటలే రాస్తే మా హిందీ టీచరు పిలిచి, "ఈ మాటలు ఎవరు నేర్పినారు నీకు?" అని అడిగారు. ఇంటికొచ్చి చెబితే తాతకు నవ్వు ఆగలేదు. "ఆ మాటలు రాయగూడదు పాపా. అవి అరిసేదానికే."

సాయంత్రాలు టీ అంగడి దగ్గర కూర్చుని యుద్ధం కథలు చెప్పేవాడు. బంగ్లాదేశ్ యుద్ధంలో ఆయన తూర్పు వైపు ఉన్నాడు. వినేవాళ్ళు వింటూనే ఎగతాళి చేసేవాళ్ళు.

"ఏం తాతా, యుద్ధంలో ఎంతమందిని సంపినావు?"

"మనోళ్ళనే ఇద్దరు ముగ్గుర్ని సంపింటా, నా సాంబారుతో."

"నువ్వు పోయింది యుద్ధానికా, పెండ్లి వంటకా?"

"పెండ్లిలో బాంబులు పడవు లేరా. వడ్డిచ్చేది సులువు."

ఆయనకు కోపం రావడం నేను చూడలేదు. వండినవాడు కూడా యుద్ధంలో ఉన్నవాడే అని ఆయనకు తెలుసు. అందుకే ఎవరేమన్నా పట్టించుకునేవాడు కాదు. ఒకరోజు తన ఫౌజు పుస్తకమే ఆయన యుద్ధంలో లేడని చెప్పేదాకా.

నేను డిగ్రీ చదివేటప్పుడు జరిగింది ఇది. ఆస్పత్రి కార్డుకు ఏదో నంబరు కావాల్సి వచ్చి, తాత తన డిశ్చార్జి బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఫౌజు నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే పుస్తకం అది. ఎక్కడెక్కడ పనిచేసిందీ, ఏ మెడల్స్ వచ్చిందీ అందులో రాసి ఉంటుంది. తాతకు ఇంగ్లీషు చదవడం రాదు. నంబరు రాసుకున్నాక, "ఎట్లాగూ తెరిసినావు గదా, మెడల్స్ పేజీ సదువు పాపా, విందాం" అన్నాడు.

"స్వాతంత్ర్యం వచ్చి ఇరవై అయిదేండ్లయినందుకు అందరికీ ఇచ్చింది ఒకటి. తొమ్మిదేండ్ల సర్వీసుకు ఒకటి."

"ఊ. ఇంగ?"

"అంతే తాతా."

"ఎనక పేజీ సూడు."

"ఎనక ఖాళీ."

"యుద్ధానివి?"

"లేవు తాతా."

పెరటి వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న అవ్వ వింటూనే ఉంది. "పెండ్లి సూపులకొచ్చి యుద్ధం సేసొచ్చినానని మా నాయనకు గొప్పలు సెప్పె ఈయప్ప. ఇప్పుడు సూస్తే పుస్తకంలోనే లేదంట. మోసపోతిని గదే పాపా!"

అవ్వ సరదాకే అంది. తాత మాత్రం నవ్వలేదు. పుస్తకం తీసుకుని, మడత పడిన అంచును వేలితో సరిచేసి, లోపల పెట్టి వచ్చాడు.

ఆ రోజు నుంచి ఆయన టీ అంగడి దగ్గర కథలు చెప్పడం మానేశాడు. పిల్లలు అడిగితే, "నన్నడగద్దండ్రా. పుస్తకంలో లేదు" అనేవాడు. మొదట్లో అందరూ అది కూడా ఒక జోకే అనుకున్నారు. నెల గడిచాక ఎవరూ అనుకోలేదు.

యుద్ధం మెడల్స్ ఎందుకు లేవో ఆయనే నాకు విడమరిచి చెప్పాడు. యుద్ధానికి కొంచెం ముందు తూర్పున ఒక యూనిట్లో వంటవాడికి జబ్బు చేసింది. తాతను అక్కడికి అటాచ్‌మెంట్ మీద పంపారు. అంటే పేరు సొంత యూనిట్లోనే ఉంటుంది, మనిషి ఇంకోచోట పనిచేస్తాడు. యుద్ధం అయ్యాక మెడల్స్ సంగతి వీళ్ళు చూస్తారని వాళ్ళు, వాళ్ళు చూస్తారని వీళ్ళు అనుకున్నారు. "ఇద్దరు కోడండ్లుండే ఇంట్లో పాలు పెట్టినట్లాయె" అన్నాడు తాత. "ఆయమ్మ సూస్తాందని ఈయమ్మ, ఈయమ్మ సూస్తాందని ఆయమ్మ. పాలన్నీ పొయ్యిలో పడె."

రికార్డు ఆఫీసుకు అర్జీ నేనే రాశాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఏది జతచేయాలో, ఎవరికి నకలు పంపాలో మదనపల్లెలో మాజీ సైనికులను అడిగి తెలుసుకున్నాను. చాలా నెలలకు జవాబు వచ్చింది. సంగ్రామ్ మెడల్ ఆ కాలంలో ఫౌజులో ఉన్న అందరికీ వస్తుంది కాబట్టి దాన్ని చేరుస్తామన్నారు. పూర్వీ స్టార్ తూర్పు యుద్ధరంగంలో ఉన్నవాళ్ళకే. అక్కడ ఉన్నట్టు ఆయన కాగితాల్లో లేదు, కలిసి పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే సాక్ష్యం పంపమన్నారు.

ఒకటైనా వచ్చింది కదా అని నేను సంతోషపడ్డాను. తాత తల అడ్డంగా ఊపాడు. "అది అందరిదీ పాపా. రెండోదే నాది."

తూర్పున తాత వండిన కంపెనీలో తెలుగు మాట్లాడేవాడు ఆయన కాక ఒక్కడే ఉండేవాడట, కుప్పం దగ్గర పల్లెవాడు. మాజీ సైనికుల్లో ఒకరి నుంచి ఒకరికి ఫోన్లు పోయి, చివరికి ఆయన బతికే ఉన్నాడని, ఊళ్ళోనే ఉన్నాడని తెలిసింది. ఒక ఆదివారం ఇద్దరమూ బయల్దేరాం. తాత చేతిలో మూడు గిన్నెల క్యారియర్. "ఇన్నేండ్ల తర్వాత పోతా ఉత్త సేతుల్తో పోతారా?" పలమనేరులో బస్సు మారాం. వి.కోట దాటినా క్యారియర్ ఒళ్ళోంచి దించలేదు. దిగేముందు అడిగాడు. "నన్ను గుర్తు పట్టకపోతే ఏం సేసేది పాపా?"

కుప్పం తాత వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళద్దాలు పైకి తోసి, మా తాతను కింది నుంచి మీదిదాకా చూశాడు.

"ఏయ్, లాంగ్రీ! యింకా సావలేదా రా నువ్వు?"

ఫౌజులో వంటవాణ్ణి లాంగ్రీ అంటారు. ఆ మాట విన్నాక మా తాత క్యారియర్ కింద పెట్టాడు.

తర్వాత చాలాసేపు నేను రాసుకుంటూనే ఉన్నాను. కుప్పం తాత తెలుగులో మొదలుపెట్టి తమిళంలోకి పోయి, అక్కడి నుంచి హిందీలోకి పోయేవాడు. వాళ్ళ కంపెనీ ఒక రాత్రి ఒక ఏరు దాటింది. నడుము పైదాకా నీళ్ళు. "తుపాకి తడవకుండా మేము పైకెత్తుకోని పోతాంటే, ఈయప్ప పప్పు డేగిసా నెత్తిన పెట్టుకోని వస్తాండాడు. పాపా, రాసుకో. మా తుపాకులు తడిసినాయి. ఈయప్ప పప్పు తడవలే. గట్టెక్కినాక అంత వేడి పప్పు నేను మళ్ళా యాడా తిన్లేదు."

"వేడిగా యాడుండాది? సల్లారిపోయినాది" అన్నాడు మా తాత.

"నువ్వు నోరు ముయ్యి. సాక్షిని నేను."

మాటల్లో ఆయన చూపు మా తాత ముంజేతి మీద పడింది. అక్కడ అరచేయంత పాత కాలిన మచ్చ ఉంది. "దీన్ని గూడా రాయి పాపా. యుద్ధంలో గాయపడినోళ్ళకు వేరే మెడల్ ఉండాది. నేను సంతకం పెడతా." నేను కొత్త పేరా మొదలుపెట్టాను. ఆ మచ్చ బాంబుదేనని మా వీధి పిల్లలందరిలాగే నేనూ అనుకునేదాన్ని.

"కొట్టేయ్ పాపా" అన్నాడు తాత.

"యాల తాతా? ఆయనే సంతకం పెడతానంటాండాడు గదా. ఇన్నేండ్లు నీకు అన్యాయం జరిగింది."

"అన్యాయం ఏంది, మర్సిపోయినారు. ఈ మచ్చ శత్రువు పెట్టింది గాదు. యుద్ధం అయిపోయినాక పూరీలు కాలుస్తాంటే నూనె ఎగిరి పడె. పూరీకి మెడల్ ఇస్తారా?"

కుప్పం తాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఆ పూరీలు నేను తిన్నా లేరా. ఇయ్యొచ్చు!"

పేరా కొట్టేశాను. అయినా నా మొహం చూసి తాతకు అర్థమైనట్టుంది. తిరిగి వచ్చేటప్పుడు గంగవరం దాటాక, తనంతట తానే అన్నాడు. "సరిసెయ్యండని మనమే అడుగుతాండాము గదమ్మా. దాంట్లో మనమే ఒక తప్పు రాసి పంపితే, ఇంగ రెండోదాన్ని యాల నమ్మల్ల వాళ్ళు? వాళ్ళు నమ్మినా, నాకు తెలుస్తాది గదా."

ఈ మాట నేను చాలాచోట్ల గుర్తు చేసుకుంటూ ఉంటాను. ఇప్పుడు నేను పనిచేసేది అర్జీల్లాంటి ఆఫీసు కాగితాలు రాసే చోటే. ఒక గీత ఎక్కువ రాస్తే పని తొందరగా అయిపోతుందనిపించిన రోజులున్నాయి. అప్పుడు ఆయన "కొట్టేయ్ పాపా" అనడం వినపడుతుంది. గట్టిగా కాదు, ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు.

సాక్ష్యంతో పాటు డిశ్చార్జి బుక్కు కూడా పంపాక మళ్ళీ ఎదురుచూపులు. పోస్టాయన వీధిలోకి వస్తే అవ్వ గొంతెత్తి అడిగేది. "ఏమప్పా, మా ఇంటాయన యుద్ధానికి పోయినాడంటనా, లేదంటనా?" ఒక మధ్యాహ్నం పోస్టాయన, "పోయినట్టే ఉండాదమ్మా, కవరు బరువుగా ఉండాది" అని సంతకం పెట్టించుకున్నాడు. అవ్వ నన్ను కేకేసింది.

డిశ్చార్జి బుక్కు తిరిగి వచ్చింది. మెడల్స్ పేజీలో రెండు కొత్త వరుసలు, పక్కన సంతకం, ముద్ర. నేను కొత్తవి చదవబోతే తాత ఆపాడు. "మొదట్నుంచి సదువు. ఒకటీ ఇడ్సద్దు." నాలుగూ వరసగా చదివాను. పూర్వీ స్టార్ దగ్గరికి వచ్చేసరికి అవ్వ చేతిలో పని ఆపింది. ఈసారి ఎగతాళి చేయలేదు. "పోయినావులే అయితే" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం టీ అంగడి దగ్గర ఏరు దాటిన కథ మొదటిసారి విన్నాం. మరుసటి రోజు మళ్ళీ విన్నాం. పప్పు చల్లారిపోయిందనే చెప్పాడు రెండుసార్లూ.

మెడల్స్ కొంతకాలానికి వచ్చాయి, చిన్న డబ్బాలో. వాటి అంచు చుట్టూ ఆయన నంబరు, పేరు చెక్కి ఉన్నాయి. చదవలేని ఆ అక్షరాల మీద తాత బొటనవేలి గోరు మెల్లగా తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు.

మట్టి చేసే రోజు కుప్పం తాత రాలేకపోయాడు, ఆరోగ్యం బాగలేదు. నాకు ఫోన్ చేశాడు. "నేను ఆయప్పకు సాక్షి అనుకుంటివా పాపా? నా యుద్ధానికి గూడా ఆయప్పే సాక్షి. ఆ ఏట్లో నేనుంటినని సెప్పేదానికి ఇంగ ఎవురుండారు సెప్పు?" ఆ ఆదివారం ఆయన చెప్పిందంతా నా దగ్గర రాసి ఉందని అన్నాను. ఆ మాట చాలదని నాకూ తెలుసు.

పోయిన ఆగస్టు పదిహేనున మా వీధి బడివాళ్ళు తాతను జెండా పండగకు పిలిచారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నాలుగు మెడల్స్ వరసగా. తీరా జెండా ఎగరేసే సమయానికి ఆయన కుర్చీలో లేడు. హెడ్‌మాస్టరు కంగారు పడి నన్ను వెతకడానికి పంపారు. బడి వెనక వంట షెడ్డులో దొరికాడు. పిల్లలకు కేసరి చేస్తున్న ఆయమ్మలు రవ్వ ఉండలు కట్టిందని గోల పెడుతుంటే, "జరగండమ్మా" అని తానే గరిటె అందుకున్నట్టున్నాడు. పిల్లలు అప్పటికే వరసల్లో నిలబడ్డారు. మైకులో పిలుస్తున్నారు. తాత వంగి, మెడల్స్ ముందుకు ఊగి పాకంలో పడకుండా ఎడమ చేత్తో నాలుగింటినీ రొమ్ముకు అదిమి పట్టుకుని, కుడి చేత్తో ఆ పెద్ద గిన్నెను అడుగంటకుండా కలుపుతున్నాడు.