వాకిట్లో కరెంటు గీత

దయ్యాలంటే నాకు నవ్వు, పూనకాలంటే కోపం. ఇది మొదటే చెప్పకపోతే మిగతాది చెప్పడానికి నాకు మొహం చెల్లదు. మా విడవలూరులో అమ్మవారి కొలుపుల నాడు ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని ఊగుతుంటే, రెండు పూటలా నాట్లు వేసేదాన్ని ఏ అమ్మవారూ పూనదు అని అందరి ముందూ అనేదాన్ని. పక్కింటి పెంచలమ్మకు ఏటా పూనకం వచ్చేది. ఆ మాట ఆమెను గురించేనని ఊరంతటికీ తెలుసు.

నేను చదివింది మూడో తరగతి. ఇది అరవైల మొదట్లో సంగతి. మా ఊళ్ళోకి అప్పుడప్పుడే కరెంటు స్తంభాలు వస్తున్నాయి. మా తమ్ముడు రమణయ్య నెల్లూరులో కరెంటు పనికి సంబంధించిన డిప్లొమా చదివేవాడు. అన్నీ గట్టెక్కి ఒక్క పేపరు తప్పాడు. ఏసీ సర్క్యూట్లు. ఈసారీ తప్పితే చదువు చాలించి మడి దున్నుకోమని మా నాయన తేల్చి చెప్పేశాడు. వాడిది నాగలి పట్టే చెయ్యి కాదని నాకు తెలుసు. చంకనేసుకుని పెంచింది నేనే.

పరీక్ష ముందు సెలవుల్లో వాడు మా ఇంట్లోనే ఉండి చదివాడు. కాగితాలు దండగని నేనే ముగ్గుపిండి డబ్బా ఇచ్చి, పంచలో నేల మీద గీసుకోమన్నాను. వాడు గీసి చూసుకున్నాక ఆ పిండి ఊడ్చి, జల్లించి, మళ్ళీ డబ్బాలో పోసేదాన్ని. అన్నీ బాణం గీతలే. ఒకే చోట మొదలై ఒక్కోటి ఒక్కో పక్కకు పోయేవి.

నేను కందులు చెరుగుతుంటే వాడు నాకు చెబుతూ తను నేర్చుకునేవాడు. ఈ కరెంటు ఏటినీళ్ళలాగా ఒకే వైపు పారదట. ముందుకూ వెనక్కూ ఊగుతుందట. దాన్ని తోసే బలం పేరు వోల్టేజీ. అదీ ఊగుతుంది గానీ, రెండూ జతగా ఊగవు. తీగ చుట్టిన కాయిల్లో వోల్టేజీ ముందు, కరెంటు వెనక. కరెంటును నింపి దాచుకునే కండెన్సర్లో అయితే కరెంటే ముందు. వోల్టేజీని అడ్డంగా గీసుకుంటే, ముందు నడిచే కరెంటు గీత పైకి పోవాలి, వెనకబడేది కిందికి. కాయిలూ కండెన్సరూ ఒకే లైన్లో ఉంటే, వాటిలో ఏది బలమైనదో లెక్క కట్టి చూడాలి. వాడు తడబడేది అక్కడే.

తోసేవాడు రాకముందే ఊగే ఉయ్యాల ఎక్కడైనా ఉంటుందా అని ఒకసారి అడిగాను.

"ఉండదక్కా," అన్నాడు నవ్వుతూ. "ఇది ఎప్పట్నుంచో ఊగతా ఉండే ఉయ్యాల. మొదటి తోపు సంగతి కాదు నేను చెప్పేది."

పరీక్షకు ముందురోజు వాడు బస్సెక్కి నెల్లూరు పోయాడు. నేను పంచ కడిగేశాను.

మరునాడు తెల్లవారుజామున, రోజూలాగే వాకిలి ఊడ్చి పేడనీళ్ళు చల్లి ముగ్గుకు కూర్చున్నాను. పెట్టాల్సింది చుక్కల ముగ్గు. చుక్కలు పెట్టనే లేదు, చెయ్యి అడ్డంగా ఒక గీత లాగింది. కొసన బాణం వేసింది. ఆ గీత మొదలు నుంచే ఇంకొకటి పైకి లాగింది. నేను చూస్తూనే ఉన్నాను. చెయ్యి నాదే గానీ ఆపడం నా వల్ల కాలేదు. అంతలో ఆ పై గీత తప్పు అనిపించింది. ఎందుకు తప్పో నాకేం తెలుసు? తడినేల మీద దాన్ని అరచేత్తో రుద్దేసి, అదే చోటి నుంచి కిందికి గీశాను. అప్పుడు గానీ చెయ్యి నా మాట వినలేదు.

తలెత్తితే వీధిలో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. నా ముడి ఎప్పుడు ఊడిందో, జుట్టంతా భుజాల మీద ఉంది.

పెంచలమ్మ చంకలో బిందె సర్దుకుని నెమ్మదిగా అడిగింది. "ఏం కావేరమ్మక్కా, ఇయ్యాళ నీకు నాట్లు లేవా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ముగ్గు మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి, లోపలికి పోయి తలుపేసుకున్నాను. ఆ రోజంతా వాకిట్లోకి రాలేదు.

రమణయ్య మరునాడు వచ్చాడు. నేను వాడికేమీ చెప్పలేదు, ఇంట్లో ఎవరినీ చెప్పనివ్వలేదు. అన్నం ముందు కూర్చుని వాడే పరీక్ష మాట ఎత్తాడు. కాయిలూ కండెన్సరూ కలిపిన లెక్కే ఇచ్చారట. వాడు తొందరలో కరెంటు గీత పైకి గీసేశాడట.

"గీసినాక అరచెయ్యి తడిసినట్టయిందక్కా. చూసుకుంటే పొడిగానే ఉండాది. పేడనీళ్ళ వాసన మాత్రం గుప్పున కొట్టింది. ఏందిరా ఇది అని లెక్క మళ్ళీ చూసినా. కాయిలే బలంగా ఉండాది, అంటే కరెంటు వెనకే. ఆ గీత రబ్బరుతో తుడిచి కిందికి గీసినా."

గరిటె కింద పెట్టేశాను. చివరికి నా సంగతీ చెప్పాను. వాడు, పంచలో తను గీసినవి నా కళ్ళలో ఉండిపోయి ఉంటాయన్నాడు. నేనూ అలాగే సరిపెట్టుకోవాలని చూశాను. కానీ నేను గీసింది పొద్దు పొడవకముందు. వాడు గీసింది ఎండ ఎక్కాక. ఆ మాట అనేసరికి వాడు కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఎవురికీ చెప్పబాకక్కా," అన్నాడు. చదువుకున్నవాడు గదా, వాడికీ సిగ్గే.

వాడు పాసయ్యాడు. నాగలి పట్టలేదు. కరెంటు ఉద్యోగం చేసి, పిల్లల్ని చదివించుకున్నాడు. దానికి సంతోషపడ్డాను. కానీ నాకు మిగిలిన సిగ్గు మాత్రం పోలేదు. ఆ తర్వాత కొలుపుల్లో పెంచలమ్మ ఊగుతుంటే తలవంచుకుని నిలబడేదాన్ని. ఆమెది నటనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. నాది మాత్రం నటన కాదు. ఆ ఒక్క మాట ఆమెతో చెప్పుకోవడానికి నోరు రాలేదు. ఆమె పోయింది కూడా.

అది ఏమిటని మనవరాళ్ళు అడుగుతారు. దయ్యం అనను. అమ్మవారు అనడానికి నాకేం హక్కుంది? నాకు తెలియదు, అంతే. ఈ వయసులోనూ వాకిట్లో ముగ్గు నేనే పెడతాను. ముందు చుక్కలు పెట్టుకుంటాను, బాగా దగ్గర దగ్గరగా. చెయ్యి వాటిని దాటి ఎటూ పోకుండా.