ప్రార్థన చేయించిన సీసా

సహోదరులారా, ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జల్లుమంటుంది! మా అమ్మాయి కరుణకి పదో తరగతిలో మూర్ఛ మొదలైంది, మందులతో మూడేళ్లుగా ఒక్క ఫిట్ కూడా రాలేదు, అందుకే ఈ ఏడు బాప్తిస్మానికి ఒప్పుకున్నాం.

పిల్ల నీరసంగా ఉందని కువైట్‌లో పనిచేసే మా చెల్లి విటమిన్ మాత్రలు పంపింది. నేను ఆ సీసాను శుక్రవారం స్త్రీల కూడికలో బల్లమీద పెట్టించి, అందరిచేత ప్రార్థన చేయించి, తొందరగా బలం రావాలని రోజూ ఒకటికి రెండు వేశాను. ప్రార్థన చేయించింది కదా, అది మందన్న ఆలోచనే నాకు రాలేదు.

బాప్తిస్మం రోజు మలికిపురం దగ్గర కాలువలో, నడుంలోతు నీళ్లలో, మా పాస్టరు అయ్యగారు ఇంకా ముంచనే లేదు, నా బిడ్డ కళ్లు తేలేసి కొయ్యబారిపోయింది! అయ్యో దేవా! ఆయన గట్టిగా పట్టుకోకపోతే నీళ్లలోనే పోయేది. గట్టుమీద నేను కేకలు పెట్టాను: "ప్రభువా, నా బిడ్డను పట్టిన దురాత్మను వెళ్లగొట్టు తండ్రీ!"

అయ్యగారు తడిబట్టలతోనే, "అమ్మా, ప్రార్థన కారులో చేద్దామండి, ముందు ఎక్కండి" అన్నారు.

అమలాపురంలో డాక్టరుగారు ఇంకేమైనా వాడుతున్నారా అని రెండుసార్లు అడిగేరు. రెండుసార్లూ "ఏ మందూ లేదండీ" అన్నాను. అప్పటికి తెలివొచ్చిన కరుణ, "అమ్మా, నీ సంచిలో సీసా..." అంది. "అది మందు కాదే, ప్రార్థన చేయించింది!" అని కసిరాను కూడా.

డాక్టరుగారు ఆ సీసా తీసుకుని చదివి, రక్తపరీక్ష చేయించి చెప్పేరు: "ఇందులో బి-6, ఫోలిక్ యాసిడ్ చాలా ఎక్కువుందండీ. వాటివల్ల మీ అమ్మాయి వాడే ఫిట్స్ మందు రక్తంలో తగ్గిపోయింది. అందుకే ఫిట్ వచ్చుంటుంది."

సహోదరులారా! దురాత్మా దురాత్మా అని కేకలు పెట్టాను, ఆ మాత్రలు వేసిన చెయ్యి నాదే! ఆసుపత్రి బెంచీమీదే ఏడ్చాను: "తండ్రీ, నీ పేరు చెప్పి నా తెలివితక్కువతనం దాచుకున్నాను, క్షమించు."

డాక్టరుగారు ఆ సీసా మాన్పించేరు, ఫిట్స్ మందు మాత్రం వేళ తప్పొద్దన్నారు. మళ్లీ ఫిట్ రాలేదు. ఆయన సరేనన్నాక మొన్న ఆదివారం అదే కాలువలో నా బిడ్డ మునిగి, నవ్వుతూ లేచింది. దేవునికే మహిమ!

నా ప్రభువును నమ్మండి, ఆయన చేతులు జారవు. ఇంట్లో మూర్ఛ ఉన్నవాళ్లుంటే మాత్రం, ఎంత ప్రార్థన చేయించిన సీసా అయినా, ముందు డాక్టరుగారి బల్లమీద పెట్టండి. నేను రెండుసార్లు లేదన్నాను.