ఆవుల బ్లాగులో ఒక ఎన్నికల మాట

2024లో ఎన్నికలు ముగిసి, వానలు మొదలైన రోజులవి. పలమనేరులో నాది చిన్న పశువైద్యశాల. ప్రభుత్వ ఉద్యోగం కాదు, సొంత ప్రాక్టీసు. ఉదయం చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి పాడావులను చూసేదాన్ని, మధ్యాహ్నం తీరిక దొరికితే బ్లాగు రాసేదాన్ని. ఈనిన ఆవుకు మాయ పడకపోతే ఏం చేయాలి, పొదుగువాపును మొదట్లోనే ఎలా గుర్తుపట్టాలి, ఇలాంటివి. రైతులు వాటిని ఫోన్లలో ఒకరికొకరు పంపుకునేవాళ్ళు.

ఎన్నికలకు ముందు, ఆ వేసవిలో మాత్రం ఆవులతో సంబంధం లేని విషయం ఒకటి రాశాను. మా ప్రాంతంలో పోటీ చేసిన ఒక అభ్యర్థి, తాగునీళ్ళ కోసం నిలదీసిన ఆడవాళ్ళ గురించి ప్రచార సభలో నీచంగా మాట్లాడాడు. ముందు నిలబడ్డ జనం పగలబడి నవ్వారు. ఆ వీడియో చూశాక వేరే పని మీద మనసు నిలవలేదు. ఇలాంటి మనిషికి నేను ఓటు వేయనని, మీరూ ఆలోచించండని నా పేరుతోనే రాశాను. మెచ్చుకున్నవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు. ఎక్కువమంది మాత్రం, "మేడం, మీకెందుకివన్నీ? ఆవుల గురించి రాయండి" అన్నారు. స్నేహితులు తీసేయమన్నారు. నేను తీసేయలేదు.

వానలతో పాటు లంపీ వచ్చింది. ఒళ్ళంతా గడ్డలు లేచి, జ్వరంతో ఆవు మేత మానేసే జబ్బు ఇది. దోమలూ ఈగలూ మోసుకుపోతాయి. దీన్ని ఆపడానికి మేము చేసేది రింగ్ వ్యాక్సినేషన్. జబ్బు కనపడిన చోటు చుట్టూ ఉన్న ఆరోగ్యమైన పశువులన్నిటికీ, ఒక్క ఇల్లూ వదలకుండా టీకా వేయడం. ఆ వలయంలో సందు మిగిలితే జబ్బు అందులోంచి బయటికి పోతుంది.

టౌనుకు దగ్గర్లోనే ఒక ఊళ్ళో పాలకేంద్రం ముందు టీకాలు వేస్తున్నామని బ్లాగులో రాశాను. సగం ఊరు ఆవులను తోలుకొచ్చింది. పడమటి వీధి నుంచి ఒక్కరూ రాలేదు. ఆ వీధిలో మునిరత్నం మాట చెల్లుతుంది. ఎన్నికల్లో ఆ అభ్యర్థి తరఫున తిరిగిన మనిషి. అంతకుముందు ఆవు తుమ్మినా నాకే ఫోన్ చేసేవాడు.

టీకాల పెట్టె పట్టుకుని నేనే వాళ్ళింటికి వెళ్ళాను. మునిరత్నం వాకిట్లోనే అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమ్మా, ఈడికెందుకొచ్చినావు? మా నాయకుణ్ణి బజారుకీడిస్తివే, అప్పుడు మేము గుర్తుకు రాలేదా?"

"నేను రాసింది ఆయన గురించన్నా. ఇది ఆవుల సంగతి."

"అది రాసిందీ నువ్వే, ఇది రాసిందీ నువ్వే. ఏది డాక్టరు మాటో, ఏది పార్టీ మాటో నాకెట్ల తెలిసేది?"

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. నాకు రెండూ వేరు కావచ్చు. చదివేవాడికి కనిపించే పేరు ఒక్కటే.

అప్పుడు పాల బకెట్‌తో కొట్టంలోంచి ఆయన భార్య కాంతమ్మ వచ్చింది. అన్నాళ్ళలో ఆమె నాతో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండదు.

"ఆయమ్మ రాసింది నేనూ సదివినా," అంది మొగుడితో. "నీళ్ళడిగినోళ్ళలో నా చెల్లెలు గూడా ఉండాది. ఆ మాటలు దాన్ని అన్నట్టు గాదా? నువ్వూ ఆడనే ఉంటివి గదా. ఒక్కమాట అంటివా?"

మునిరత్నం తల తిప్పుకున్నాడు. ఆమె నావైపు చూసి, "లోపలికి రామ్మా. ఆవులకు మేతేసేది నేను, పాలు పిండేది నేను. టీకా ఏయించేది గూడా నేనే" అంది.

కొట్టంలో మూడు ఆవులకు టీకా వేశాను. మూలన కట్టేసిన దూడను పట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. మెడ కింద గడ్డలు చేతికి తగిలాయి. జబ్బు దిగిన దూడకు టీకా పనికిరాదు. విడిగా కట్టించి, జ్వరానికి ఇంజెక్షన్ చేశాను. ఆ సాయంత్రానికి కాంతమ్మ ఇల్లిల్లూ తిరిగి, వీధి ఆడవాళ్ళందరి చేతా ఆవులను టీకాకు తోలించింది. రింగ్ పూర్తయింది. ఆ వీధిలో పెద్ద పశువు ఒక్కటీ పోలేదు. దూడను మాత్రం నేను దక్కించలేకపోయాను.

దాన్ని పూడ్చే రోజు వెళ్ళాను. మునిరత్నం గుంత తవ్వి సున్నం చల్లుతున్నాడు. పని ఆపకుండానే మాట్లాడాడు.

"దీనికి జ్వరమొచ్చినప్పుడే నీకు ఫోన్ చేద్దామనుకున్నానమ్మా. నీ మీద కోపంతో చెయ్యలే." ఇంకో గుప్పెడు సున్నం చల్లి, "ఆ పొద్దు సభలో నేనూ నవ్వినా. అది ఇంట్లో తెల్దు" అన్నాడు.

పార తీసుకుని నేనూ మన్ను తోశాను.

మన పనికి సంబంధం లేని రాజకీయాలు మనం రాయవచ్చా అని కొత్తగా బ్లాగులు మొదలుపెట్టిన పశువైద్యులు నన్ను అడుగుతుంటారు. రాయకపోయుంటే మునిరత్నం నాకు ముందే ఫోన్ చేసేవాడు, దూడ బతికేదేమో. రాయకపోయుంటే కాంతమ్మ తన చెల్లెలి మాట మొగుడి ముందు ఎత్తేది కాదేమో. ఈ రెంటిలో ఏది బరువో తేల్చుకోలేకపోయాను. తేలింది ఒక్కటే. రాసేశాక, కోపమొచ్చినవాళ్ళే మళ్ళీ ఫోన్ చేస్తారులే అని ఇంట్లో కూర్చోకూడదు. ఇప్పటికీ గట్టిగా అనిపిస్తే రాస్తాను. నా మాట ఏ వీధికి గుచ్చుకుంటుందో నాకు తెలుసు. మర్నాడు ఉదయం నా బండి మొదట ఆ వీధికే పోతుంది.