హీరోగారి క్షమాపణ

మా ఆయన నాటకాల్లో హీరో. స్టేజీ ఎక్కి మీసం మెలేశాడంటే ఆత్మకూరు చుట్టుపక్కల అంత మగాడు లేడని పేరు. ఆ మగాడికి అక్షరం ముక్క రాదు. నేను ఉదయగిరిలో ఐదో తరగతి దాకా చదివాను. వేషం మాటలు నేను చదివితే ఆయన విని బట్టీ పట్టేవాడు. ఈ సంగతి బయట పొక్కిందా చంపేస్తానన్నాడు. ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను, ఇక చాలు.

ఆ ఏడు కొత్త నాటకం. హీరో అనుమానంతో పెళ్లాన్ని వెళ్లగొడతాడు. చివర్లో ఆమె చేతులు పట్టుకుని, "తప్పు నాదే, నన్ను క్షమించు" అని ఏడవాలి. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మా ఆయన మేకల్ని చూసొస్తానని లేచేవాడు.

"ఆ ముక్క దాటెయ్యవే. స్టేజీ మీద చెప్తాలే."

"ఇక్కడ తిరగని నోరు అక్కడ తిరుగుతాదా?"

"మొగోణ్ణి. పెళ్లాం ముందర ఆ మాటంటే ఏం బాగుంటాది?"

నేను ఊరుకునేదాన్నే. కానీ అంతకు నెల ముందు మా నాయన దుత్తలూరు నుంచి మమ్మల్ని చూడవచ్చాడు. మామ ముందు మగతనం చూపించాలనిపించిందేమో, సంగటిలో పిండి ఉండ తగిలిందని ఈయన కంచం విసిరికొట్టాడు. మా నాయన లేచాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, కడుపు మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నేను ఒకే ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నాను. అందుకే ఆ పేజీ మాత్రం రోజూ రెండుసార్లు చదివేదాన్ని.

నాటకం నాడు ఆడవాళ్లవైపు చాప మీద కూర్చున్నాను. హీరోయిన్ వేషం కట్టింది మా ఊరి టైలరు. మా ఆయన ఆ టైలరు చేతులు పట్టుకుని "తప్పు నాదే" అని బావురుమన్నాడు. జనం వన్స్ మోర్ అని కేకలు. పద్యాలకే కాదు, ఏడుపులకూ వన్స్ మోర్ అడిగే జనం మాది. అడిగితే మళ్లీ చెయ్యాల్సిందే, అది రివాజు. రెండోసారి ఏడ్చాడు. మూడోసారీ ఏడ్చాడు. ఇంట్లో ఇన్నాళ్లుగా పెగలని మాట టైలరుకు మూడుసార్లు! నాకు ఒళ్లు మండిపోయింది.

పొద్దున పెరట్లో ఆయన మొహానికున్న వేషం రంగు కడుక్కోబోతుంటే చెంబు లాక్కున్నాను.

"నువ్వు కంచం విసిరింది టైలరు నాయన ముందరా, మా నాయన ముందరా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. దడి అవతల ఎవరూ లేరు.

"రంగు పోయినాక చెప్తాలేవే."

"రంగు పోయినాక నువ్వు చెప్పవు. ఇప్పుడే చెప్పు."

చెప్పాడు. స్టేజీ మీద లాగా బావురుమనలేదు. నాకే ఏడుపొచ్చింది. చెంబు చేతికిచ్చాను. ఆయన నీళ్లు చల్లుకోకుండా అట్లాగే నిలబడి, నాటకంలో లేని మాట ఒకటి అన్నాడు.

"దుత్తలూరు పోయి మామకు గూడా చెప్పాల. అక్కడికి రంగు పూసుకోని పోలేను గదా, నువ్వు తోడు రా."