గోనెసంచి

లూషెన్ తిబో వెర్మాంట్ కొండల్లో కట్టిన పొగగొట్టాలు డెబ్బైకి పైమాటే. "నా గొట్టం పొగ మింగుతుంది గానీ కక్కదు" అని గొప్పలు పోయేవాడు. పనిమంతుడు గనక ఊరు ఆ గొప్పలు భరించింది.

వెర్నా కోల్బర్న్ ఇంట్లో పొయ్యి, గొట్టం కడతానని ఒప్పుకున్న రోజు ఆమె చెయ్యి కలిపింది. డెబ్బై ఏళ్ల మనిషి. అరచేయి అతని చేతికన్నా గట్టిగా కాయలు కాసి ఉంది. తన కట్టెలు తనే చీల్చుకుంటుంది, రెండు వేసవులు ఎండందే పొయ్యిలో పెట్టదు.

మొదటి మంచుకు మంట వేస్తే గదినిండా పొగ. కబురు పెట్టింది. లూషెన్ పొయ్యిలోకి వంగి చూసిన పాపాన పోలేదు. ఆ శనివారం చర్చిలో చిక్కుడుగింజల విందులో, అందరూ వింటుండగా తేల్చేశాడు.

"గొట్టం నిక్షేపంలా ఉంది. కట్టెలే పచ్చివి. ఇన్నేళ్లొచ్చీ ఎండిందేదో తెలీకపోతే నేనేం చేసేది వెర్నాగారూ?"

బల్లల చుట్టూ నవ్వులు. వెర్నా మొహం కందిపోయింది. పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయింది.

మరుసటి ఏడు ఆకులు రాలేవేళ ఆమె ఇంటికి మసి దులపడానికి వెళ్లాడు. పొయ్యి పైనున్న అరలోకి చెయ్యి పెడితే మెత్తగా తగిలింది. లాగితే గోనెసంచి. గొట్టం కట్టేటప్పుడు జారిపడే సిమెంటు పట్టడానికి గడ్డి కుక్కి తాడుతో వేలాడదీసేది. చివర్లో పైకి లాగేయాలి. ఆ రోజు వాన ముంచుకొస్తోందని తొందరపడ్డాడు. తాడు తేలిగ్గా వచ్చేసినా పట్టించుకోలేదు. సంచికి మిగిలిన తాడుముక్కకి ముడి ఇంకా ఉంది, తను వేసిన ముడే. ఆడలేక మద్దెల ఓడన్నది తనే. లూషెన్‌కి తల కొట్టేసినట్టయింది.

"ఏంటయ్యా అది?" వంటింట్లోంచి వెర్నా అడిగింది.

"పక్షిగూడు." నోరు దానంతటదే అబద్ధమాడింది.

"అవునా! నేను నా కట్టెల్నే తిట్టుకున్నా. నాకిక చేతకాదనుకుని గొడ్డలి మా తమ్ముడి కొడుక్కి ఇచ్చేశాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కట్టెలు కొన్నానయ్యా, అవీ పొగే పెడితే మంటెయ్యడమూ మరిచాననుకున్నా." కాఫీ, వేడి డోనట్టు తెచ్చి ముందు పెట్టింది.

అతను డోనట్టు ముట్టుకోలేదు. సంచి తీసి ఆమె ముందు పెట్టాడు. "గూడు కాదు. నా సంచి. తప్పు నాదే."

వెర్నా ఆ ముడిని వేలితో తిప్పి చూసింది. "నా ఒక్కదానికి చెబితే ఏం లాభం? అన్నచోటే చెప్పు."

శనివారం సంచి పట్టుకుని బల్లల మధ్య నిలబడ్డాడు. "వెర్నాగారి కట్టెలు ఎండినవే. పొగ పెట్టింది నేను మరిచిన ఈ సంచి. చూడకుండానే ఆవిణ్ణి అన్నాను." నవ్వుతారనుకున్నాడు, నవ్వితే బావుండుననుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"కూర్చో, చల్లారిపోతున్నాయి" అని వెర్నా చిక్కుళ్ల గిన్నె అందించింది.

"గొడ్డలి వెనక్కి తెచ్చిస్తాను" అన్నాడు మెల్లగా.

"ఏడాది మానేశాక, ఈ వయసులో మళ్లీ చెయ్యి తిరుగుతుందంటావా?" ఆ గొంతులో కోపం లేదు.

గిన్నె అందుకుంటుంటే ఆమె అరచేయి తగిలింది. మెత్తబడిపోయింది. లూషెన్ ఆ పూట మళ్లీ తలెత్తలేదు.