కదలని ఉంగరం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు కోడలిగా వెళ్ళాను. దూది ఏకే కుటుంబాలు మావి. ముస్లింలమైనా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. ఆ ఇంట్లో నాకంటే ముందొచ్చిన తోటికోడలు ఒకామె ఉండేది. నమాజుకు ముందు వజూ చేసేటప్పుడు చేతులు మోచేతుల దాకా, పాదాలు చీలమండల దాకా పూర్తిగా తడవాలి. వెంట్రుకంత చోటు పొడిగా మిగిలినా ఆ వజూ చెల్లదు. ఆమె ఎప్పుడూ నా మడమల మీదా మోచేతుల మీదా పొడి చోటు కోసం వెతికేది.

ఆ ఏడు రంజాను మండే ఎండల్లో వచ్చింది. పెన్నలో చెలమ తోడి తాగే నీళ్ళు మోసేది, రొట్టెలకు పిండి పిసికేది నేనే. ఒక సాయంత్రం బంధువుల ఆడవాళ్ళంతా ఉపవాసం విడిచి నమాజుకు లేస్తుంటే, ఆమె నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"సూడండి, గోర్లకు పిండి ఎట్ల ఎండిపోయుండాదో! దీని కిందికి నీళ్ళు యాడ పోతాయి? వాళ్ళమ్మ ఏం నేర్పిచ్చి పంపిందో!"

అందరూ నవ్వారు. పిండి సంగతి నిజమే. కానీ మా అమ్మ పోయి అప్పటికి ఏడాదైనా కాలేదు. గోళ్ళు గీరుకుంటూ బావి దగ్గర కూర్చున్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, పళ్ళు నూరుకున్నాను.

అప్పటి నుంచి ఆమె వజూ చేసినప్పుడల్లా గమనించాను. ఎక్కడా తప్పు దొరికేది కాదు. కాలివేళ్ళ సందులు కూడా రుద్ది కడిగేది. దాంతో నా కసి ఇంకా పెరిగింది.

చలికాలంలో పుట్టింట్లో ఆమెకు కాన్పయింది. వాళ్ళ నాయన ప్రొద్దుటూరులో చేయించిన బంగారు ఉంగరం ఆమెకు పెట్టాడు. ఒళ్ళు చేయడంతో అది వేలికి బిగుసుకుపోయింది. వజూలో బిగుతు ఉంగరాన్ని తిప్పి కిందికి నీళ్ళు పోనివ్వాలి. ఆమె బిడ్డతో తిరిగొచ్చాక, మళ్ళీ రంజాను మొదలైన రోజే చూశాను, ఉంగరం తిప్పడం లేదు. ఆ సంగతి నేను ఆమెకు చెప్పలేదు. బంధువులు చేరేదాకా ఆగాను.

"అక్కా, ఉంగరం ఒకసారి తిప్పు" అన్నాను అందరూ వినేలా.

"ఎందుకుమే?"

"కింద తడిసిందో లేదో సూద్దామని. మొదటి దినం నుంచీ సూస్తాండా, నువ్వు తిప్పడంల్యా."

అది కదల్లేదు. సబ్బు రాశారు, శెనగనూనె పోశారు. లాగింది నేనే. వేలు ఉబ్బి నల్లబడింది.

"నొప్పిమే, వదులు!" అని ఆమె ఏడ్చింది.

"మా అమ్మ ఏం నేర్పిచ్చిందో ఇప్పుడు తెలిసిందా అక్కా?" అన్నాను.

చివరికి కంసాలిని పిలిపించి ఉంగరం కోయించారు. ఆ సాయంత్రం నమాజు ఆమెకు తప్పిపోయింది. ఆ తర్వాత ఎన్నడూ ఆమె నా చేతుల వంక చూడలేదు.

మరునాడు పొయ్యి దగ్గర అత్త నన్ను నిలదీసింది. "మొదటి దినమే సూసింటివంట. ఇన్ని దినాల నమాజు పోగొడితివి గదమ్మే! చెవిలో చెప్పుంటే ఏం పోయేది?"

"ఆయమ్మ నాకు చెవిలో చెప్పిందా అత్తా?"

అత్త పొయ్యిలోకి కట్టెలు ఎగదోసింది. నేను పిండి ముందు కూర్చున్నాను. ఆ పూట రొట్టెలు శ్రద్ధగా, సన్నగా, ఒక్కటీ మాడకుండా కాల్చాను.